పెన్షన్ కుర్చీ

గొడవ మొదలైంది ఐస్ ట్రే దగ్గర.

"ఖాళీ ట్రేని తిరిగి ఫ్రీజర్లో పెట్టడమేంటి? దీన్ని చూసి మురిసిపోవాలా నేను?" వంటింట్లోంచి కోచ్ అరిచాడు.

"మురిసిపోవాలంటే అద్దంలో చూసుకోండి. పొద్దున ముక్కలన్నీ మీ నీళ్ల సీసాలో వేసుకుని గ్రౌండుకి పట్టుకెళ్లింది ఎవరు?" హాల్లో బట్టలు మడతపెడుతూ అంది ఇల్లాలు.

"పట్టుకెళ్లినవాడే నింపాలని ఎక్కడుంది?"

"ఇంగితంలో ఉంది."

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. కొడుకూ కోడలూ మాటకి మాట అనుకుంటుంటే సీరియల్ దానిముందు దిగదుడుపేనని ఆవిడ అభిప్రాయం.

ఇంతకీ ఐస్ కావలసింది సోఫా అంచున కూర్చున్న కూతురికి. కోచ్ నడిపే ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో ఆ పిల్ల గోల్‌కీపరు. బంతిని లోపలికి పోనివ్వదని జట్టంతా దాన్ని 'గోడ' అంటారు. ఆ మధ్యాహ్నమే సెమీఫైనల్ గెలిచి వచ్చారు. గెలిచిన పిల్ల ఇంట్లోకి అడుగుపెట్టిందంటే బూట్లు ఒకచోట, సాక్సు ఇంకోచోట, మాటలు ఇల్లంతా పడి ఉండాలి. ఇవాళ బూట్లయినా విప్పలేదు. ఎడమ భుజం పట్టుకుని, కాస్త ముందుకి వంగి కూర్చుంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. భుజం లాగుతోంది."

"డైవ్ కొట్టినప్పుడు పట్టేసి ఉంటుంది," అంటూ కోచ్ ఫ్రీజర్ అడుగున దొరికిన బఠాణీల ప్యాకెట్టు తెచ్చి కూతురి భుజానికి అదిమాడు. "ఐస్, పట్టీ, రెండు రోజులు రెస్టు. ఫైనల్‌కి గుర్రంలా ఉంటుంది."

ఐస్, పట్టీ, రెండు రోజులు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇల్లాలు వింటున్న మంత్రం అదే. మోకాలికీ అదే, మడమకీ అదే. ఒకసారి పంటి నొప్పికి కూడా అదే చెప్పాడు.

స్వెటర్ తొడుగుదామని ఆమె కూతురి పక్కన కూర్చుంది. నొప్పి ఉందన్న భుజాన్ని జాగ్రత్తగా పట్టుకుంది. పిల్ల ఉలిక్కిపడలేదు. కొంచెం నొక్కింది. ఊఁ అనలేదు. చెయ్యి పైకెత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది. ఆమె వేళ్లు అక్కడే ఆగిపోయాయి. భుజం బెణికితే తాకనిస్తారా ఎవరైనా?

"కాసేపు పడుకో."

పడుకోబోయి, చివాల్న మళ్లీ లేచి కూర్చుంది. "పడుకుంటే ఎక్కువవుతోందమ్మా. కూర్చుంటేనే నయం." పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. నుదుటి మీద చెమట. చెయ్యి ఐసు ముక్కలా ఉంది, బఠాణీలు పట్టుకున్నది ఆ చెయ్యి కాకపోయినా.

"దెబ్బ తగిలింది భుజానికేనా?"

పిల్ల తండ్రి వైపు చూసింది. ఆ చూపే ఇల్లాలికి అరికాలి మంటని నెత్తికెక్కించింది.

గ్రౌండులో గీత పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. నొప్పి అన్న పిల్ల వెళ్లి అందులో కూర్చోవాలి. కూర్చుందంటే తర్వాతి మ్యాచ్‌లో స్థానం పోయినట్టే. 'నాజూకు మనుషులు నా జట్టుకి అక్కర్లేదు' అంటాడు కోచ్. పిల్లలు దానికి పెన్షన్ కుర్చీ అని పేరుపెట్టుకుని నవ్వుకుంటారు. నవ్వుతారే గానీ, చీలమండ వాచి బూటు ఊడిరాకపోయినా దాంట్లో మాత్రం కూర్చోరు.

"ఆయన వైపు కాదు, నా వైపు చూసి చెప్పు. ఎక్కడ తగిలింది?"

"అవతలి జట్టు అమ్మాయి మోకాలు... ఇక్కడ." ఎడమ పక్కటెముకల అంచు చూపించింది. "ఊపిరాడలేదు. తర్వాత సర్దుకుంది. భుజమంటే ఐస్‌తో పోతుంది, నాన్న కుర్చీలో కూర్చోబెట్టరు కదా అని..."

"మరి నాకు చెప్పవేం?" కోచ్ కూతురి మీద ఒంటికాలి మీద లేచాడు.

"చెప్తే ఏం చేసేవాళ్లు? కుర్చీ వేసేవాళ్లు!" అంది ఇల్లాలు. "పదండి. ఆస్పత్రికి వెళ్దాం."

"పక్కటెముకకి తగిలితే నొప్పి ఉండదా? రేపు పొద్దున చూద్దాం. నేనెన్ని చూశాను..."

"పాపం, ముందు ఇన్ని గ్లూకోజు నీళ్లు పట్టించవే అమ్మాయ్," అంది అత్తగారు. "వీడు వేలు విరిగినా ఆడాడు తెలుసా, దీని వయసులో."

"నాకు దాహంగా ఉంది," అంటూ పిల్ల లేచింది. రెండడుగులు వేసి, గోడ పట్టుకుని, అలాగే కిందికి జారిపోయింది.

ఇల్లాలు ఫోన్ అందుకుంది.

"అంబులెన్సా?" కోచ్ గొంతు తగ్గించాడు. "వీధి వీధంతా బయటికొస్తుంది. భుజం నొప్పికి కోచ్ కూతురు అంబులెన్సెక్కిందని రేపు క్లబ్బులో పకపకలు. నేనే కారులో..."

"దారిలో ఏమైనా అయితే స్టీరింగ్ వదిలేసి బఠాణీలు పెడతారా?"

ఫోన్లో అవతలి మనిషి అడిగినవాటికి ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది. ఎడమ పక్కటెముకల మీద మోకాలి దెబ్బ, భుజంలో నొప్పి, చల్లటి చెమట, లేస్తే తూలుడు. నీళ్లు కూడా ఇవ్వద్దు, నడిపించద్దు అన్నాడతను. అత్తగారి చేతిలో గ్లాసుని ఇల్లాలు మాట్లాడుతూనే లాగేసుకుంది.

ఎమర్జెన్సీలో తెర వెనక డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. ఈసారి పిల్ల కేక పెట్టింది. స్కాన్‌కి పంపుతూ, తడిసిన స్వెటర్ చూసి అడిగింది డాక్టరమ్మ:

"ఈ తడేంటి?"

"ఐస్ పెట్టాం," అన్నాడు కోచ్.

"ఎక్కడ?"

"భుజానికి."

"దెబ్బ తగిలింది ఎక్కడ?"

"పక్కటెముకకి," అని గొణిగాడు కోచ్. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడే గొంతు అది.

స్కాన్ అయ్యాక ఆవిడే బయటికి వచ్చింది. "పక్కటెముకల కింద ఎడమవైపు ఉండే ప్లీహం చిట్లింది. కడుపులోకి రక్తం కారుతోంది. ఆ రక్తం ఊపిరితిత్తుల కిందున్న పొరకి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. భుజానికేమీ కాలేదు. ఆపరేషన్ చెయ్యాలి, ఇప్పుడే. పొద్దుటిదాకా ఆగుంటే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు."

కోచ్ బెంచీ మీద కూలబడ్డాడు. ఇల్లాలు కూర్చోలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. వచ్చిందంతా కోపమే. ట్రే మీద కోపం, మంత్రం మీద కోపం, కూతురు లోపల్లోపల ఖాళీ అయిపోతుంటే ఐసు ముక్కల లెక్క తేల్చుకుంటూ నిలబడ్డ తన మీద కోపం.

పిల్ల బతికింది. కొన్ని వారాలకి ఇంటికొచ్చింది. అందరితో కలిసి బల్ల దగ్గర మొదటిసారి భోజనానికి కూర్చున్న రోజు అత్తగారు దాని తల నిమిరింది.

"ఎంత నొప్పి దాచుకుందిరా నా తల్లి! ఎంత ఓర్పు! అచ్చం నీ పోలికేరా."

"మరేమనుకున్నావమ్మా," అన్నాడు కోచ్. ఇన్నాళ్లకి అతని మొహంలో కాస్త వెలుగొచ్చింది. "కడుపులో అంత జరుగుతున్నా ఆఖరి విజిల్ దాకా గోల్ వదల్లేదు. రేపు ప్రాక్టీసులో పిల్లలకి ఇదే చెప్తాను."

కూతురు సిగ్గుపడుతూ నవ్వింది. మెచ్చుకోలుకి మురిసిన నవ్వు.

ఆ నవ్వు ఇల్లాలి కంటపడింది. భోజనాలయ్యాక నెమ్మదిగా చెబుదామనుకున్న మాట ఇక ఆగలేదు. గరిటె గిన్నెలో పడేసింది.

"రేపు పిల్లలకి చెప్పేది మీరు కాదు, నేను."

"నువ్వా?"

"రేపట్నుంచి ఆ పెన్షన్ కుర్చీలో నేను కూర్చుంటాను. ఏ పిల్లకి దెబ్బ తగిలినా నా దగ్గరికొస్తుంది. ఆస్పత్రికి వెళ్లాలో వద్దో నేను చెప్తాను, మీరు కాదు. నొప్పి అన్న పిల్లకి స్థానం పోదు. ఆ మాట అందరి ముందూ మీ నోటితో అంటారు."

"ఎవర్నడిగి ఇదంతా?"

"అడగట్లేదు. చెప్తున్నాను."

"ఆఫ్‌సైడంటే ఏంటో తెలుసుటే నీకు?" అంది అత్తగారు.

"తెలీదత్తయ్యా. పిల్ల మొహం పాలిపోతే తెలుస్తుంది. అక్కడున్న ఆట తెలిసిన మహానుభావులెవరికీ అది తెలీలేదు."

"నేను ఒప్పుకోకపోతే?" అన్నాడు కోచ్. గొంతులో బింకం ఉంది గానీ బలం లేదు.

"మధ్యాహ్నం అందరి అమ్మలకీ ఫోన్ చేశాను. ఒప్పుకోకపోతే ఒక్క పిల్లా రాదు. మీరూ, మీ విజిలూ ఆడుకోండి." కూతురి వైపు తిరిగింది. "నువ్వు కూడా విను. ఇంకోసారి నొప్పి దాచావంటే, డాక్టరు ఆడమన్నా నేను ఆడనివ్వను. అది ఓర్పు కాదు. ఆ రోజు మేం ఇంటికి తెచ్చుకోబోయింది కప్పు కాదు, నిన్ను, తెల్లబట్టలో చుట్టి."

కూతురి నవ్వు మాయమైంది. కోచ్ ఏదో అనబోయాడు.

"చల్లారిపోతోంది," అంది ఇల్లాలు, అతని కంచం ముందుకి తోస్తూ. "తినండి. రేపు మీతోపాటే బయల్దేరతాను."