నా మాట విన్న గేటు

జూదంలో నా నూడుల్స్ కొట్టు కూడా చేజారేలా ఉందని, నన్నిక కాసినోలోకి రానివ్వొద్దంటూ పోయిన నెల నేనే సింగపూర్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాను. ఈరోజు మనసు ఆగలేదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది.

"మీకు ప్రవేశం లేదాంటీ," అన్నాడు కాపలా ఉన్న రోస్లాన్.

"అర్జీ పెట్టింది నేనే కదయ్యా. ఇప్పుడు నేనే వద్దంటున్నా, తియ్యి."

"ఏడాది దాకా మీరు చెప్పినా కుదరదు. ఇలా మనసు మారుతుందనే ఆ గడువు పెట్టారు."

"చచ్చిపోయిన మా ఆయన్ని మించిన మొండిఘటానివి."

"ఇంటికెళ్ళి టీ తాగండాంటీ," అని నవ్వాడు.

నేను కదల్లేకపోయాను. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన నా మాట ఒక్కసారీ వినలేదు. పిల్లలూ వినరు. ఇంత పెద్ద అద్దాల భవనం మాత్రం నేను సంతకం చేసిన ఒక్క కాగితానికి కట్టుబడి ఉంది. తలెత్తి దాన్ని చూస్తూ ఉండిపోయాను.