దుప్పటి రెండో కొస

పొద్దున్నుంచీ ఏటవతలి పిల్ల దుప్పటికి రెండో కొస పట్టేవాళ్ళు లేరు.

ఆస్పత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు ఉతికే షెడ్డు అది. బాయిలర్ ఆవిరికి గోడలు ఎప్పుడూ చెమట పట్టి ఉంటాయి. ఆరిన దుప్పటిని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి నాలుగు మూలలూ పట్టుకోవాలి, విదిలించాలి, బిగలాగాలి, నడిచి వచ్చి కొసలు కలపాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వంద మడిస్తే జంటకు వచ్చే కూలి రెండు పూటల బియ్యానికి సరిపోతుంది. నేల తగిలిన దుప్పటి మళ్ళీ ఉతుక్కి పోతుంది, ఆ ఖర్చు కూలిలో కోసుకుంటారు.

ఆ పిల్ల ఒక్కతే రెండు చేతులూ బార్లా చాపి మడత పెట్టబోయింది. కొస జారి తడినేల మీద పడింది.

"పడెయ్, పడెయ్! నేలకి కూడా పక్కెయ్యాలి కదా," అంది గంటవదిన. ఆమె మాట్లాడితే బాయిలర్ హోరులో కూడా వినబడుతుంది, అందుకే ఆ పేరు. నలుగురు నవ్వారు.

గంటవదినకు ఎదురుగా దుప్పటి పట్టుకున్న మడతలక్క నవ్వలేదు. అలాగని తలా ఎత్తలేదు. మొన్నటి దాకా ఆ పిల్లకు జంట తనే. ఆ చేతులు ఎప్పుడు లాగుతాయో, ఎప్పుడు వదులుతాయో తన చేతులకు తెలుసు. ఆ పిల్ల కన్నబిడ్డ పోయిన మర్నాడే మేస్త్రీ జంటలు మార్చాడు.

ఏడు నెలల ఆడబిడ్డ. వాంతులు, విరేచనాలు. పొద్దున మొదలైతే మర్నాటి పొద్దుకు లేదు. షెడ్డు వెనకున్న పనివాళ్ళ గదుల వరసలో చివరి అయిదు గదులూ ఏటి అవతలి నుంచి పనికొచ్చినవాళ్ళవి. ఆ రోజు మడతలక్క చూడ్డానికి వెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల ఏడుపు లేదు. పిల్ల పెదవులు బిగించి, బిడ్డ గౌన్లు ఒక్కొక్కటీ లోపలివైపు బయటికి తిరగేసి దండెం మీద ఆరేస్తోంది. కంట్లో చుక్క నీరు లేదు.

తిరిగొచ్చి గంటవదినతో అంది కూడా. "ఏం కడుపే తల్లీ అది! బట్టలారేసుకుంటోంది, బిడ్డ చచ్చినట్టే లేదు."

అంతే అంది. ఆ మాట పొద్దున గడప దాటి సాయంత్రానికి కాళ్ళూ చేతులూ మొలిపించుకుని తిరిగొచ్చింది. తల్లే ఏదో పట్టించిందట. బట్టలు తిరగేసి ఆరేస్తే రోగం ఇంకో ఇంటికి పోతుందట, వాళ్ళలో అదొక విద్యట. ఆ రాత్రే గంటవదిన మనవడికి వాంతులు పట్టుకున్నాయి. ఇంకో ఇంట్లో ఇద్దరు పిల్లలు మంచం ఎక్కారు. ఇక చెప్పేదేముంది, నిప్పు లేనిదే పొగ రాదన్నారు అందరూ.

మధ్యాహ్నం తిండివేళ మేస్త్రీ మడతలక్కను తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీ ఆమెకు ఎప్పుడూ చూపించలేదు.

"కూచో అక్కా. సాయంత్రం పని దిగాక గేటు దగ్గర అందరూ పోగవుతారు. యజమాని కూడా వస్తారు. నువ్వు చూసింది నువ్వు చెప్తే చాలు."

"నేనేం చూశాను మేస్త్రీ గారూ?"

"బలేదానివే. ఊరంతా నీ పేరే చెప్తుంటే! ఏడవలేదు, బట్టలు తిరగేసింది. అంతేగా? అబద్ధమాడమన్నానా?"

"చెప్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? అయిదు గదులు ఖాళీ అవుతాయి. పిల్లలు బతుకుతారు." చెవి దగ్గర పెన్సిల్ సవరించుకున్నాడు. "మడతల బల్లకి పెద్దదాన్ని పెట్టాలంటున్నారు యజమాని. నేను నీ పేరే చెప్పాను. చెప్పనంటావా, ఖాళీ చేసే గదులు ఆరవుతాయి. నీ ఇష్టం."

మడతలక్క చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు దోసిట పడితే సబ్బు వాసన, దాని కింద ఇంకేదో కుళ్ళు వాసన. కుళాయి గుంటను ఆనుకునే షెడ్డు మురుగుకాలువ పోతుంది. గట్టు ఎప్పుడో విరిగింది. బాయిలర్‌లో బొగ్గు వేసే ఆ పిల్ల మొగుడు, బిడ్డ బతికుండగానే, ఈ కాలువ సంగతేంటని మేస్త్రీని అడిగాడు. "మీ ఏటి నీళ్ళంత రుచిగా లేవా?" అన్నాడు మేస్త్రీ. అప్పుడు అందరూ నవ్వారు. మడతలక్క కూడా నవ్వింది. ఎవరి కంపు వాళ్ళకింపు.

పిల్ల అక్కడే గట్టు మీద కూచుని ఉంది. తిండి ముట్టినట్టు లేదు. మడతలక్క అటూ ఇటూ చూసి, అడగకుండా ఉండలేక అడిగింది.

"ఏడవలేదేం నువ్వు?"

పిల్ల కాలువ వైపు చూస్తూనే అంది, "ఏడవకూడదక్కా. నలభై పొద్దులు. తల్లి ఏడిస్తే బిడ్డ వెనక్కి తిరిగి చూస్తుంది. దారి తప్పిపోతుంది. చిన్నది కదా, ఒక్కతే నడవాలి."

"గౌన్లు?"

"ఇంక ఇవి నీ ఒంటికి కావమ్మా, వెళ్ళిరా అని చెప్పడం." గట్టు మీది నాచు గోటితో గీకింది. "మీ పక్కగది తాత పోయినప్పుడు మీరంతా కేకలు పెట్టారు. నాకు భయమేసింది. పాపం ముసలాయన్ని పోనివ్వరేంటి, ఎంత కఠినం మనుషులో అనుకున్నా. మా ఆయనతో కూడా అన్నా."

మడతలక్క కుడిచెయ్యి దానంతటదే ఎడమ జబ్బ మీదికి పోయింది.

తన మొగుడు పోయిన రోజు తనకూ ఏడుపు రాలేదు. మొద్దులా కూచుంటే, గంటవదిన తల్లి ఎవరికీ కనబడకుండా తన కొంగు కింద చెయ్యి పెట్టి జబ్బ మెలిపెట్టి గిల్లింది. "ఏడవ్వే, జనం చూస్తున్నారు!" ఆ నొప్పికి కేక పెట్టింది. అది విని నలుగురూ, పాపం ఎంత ప్రేమో, అన్నారు. గిల్లిన చోట చాన్నాళ్ళు నల్లగా ఉండిపోయింది.

"లే," అంది. "కాసిని నీళ్ళు తాగు." అని, కుళాయి వైపు చూసి, "వద్దులే, కాచినవి నా దగ్గరున్నాయి," అంది.

పని దిగే గంట కొట్టేసరికి ఎండ వాలింది. పడమటి తలుపు బార్లా తీసి ఉంది. గేటు దగ్గర నిలబడాల్సిన జనం మెల్లగా జరిగి తలుపు దాకా వచ్చేశారు. దండేలకు ఊతమిచ్చే వాసాలు కొందరి చేతుల్లోకి ఎప్పుడు వచ్చాయో తెలియదు. వెనక యజమాని కారు ఆగింది, ఆయన దిగలేదు. లోపల ఏటవతలి పిల్ల, నేల తగిలి మళ్ళీ ఉతికిన దుప్పట్ల గుట్ట ముందు ఒక్కతే నిలబడి ఉంది.

"చెప్పక్కా," అన్నాడు మేస్త్రీ, అందరికీ వినబడేలా. "ఏం చూశావో చెప్పు."

"చెప్పవే!" అంది గంటవదిన. ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. చంకలో మనవడు వాడిపోయి భుజం మీదికి వేలాడుతున్నాడు. "నువ్వే కదే అన్నావు!"

మడతలక్క ఆ బిడ్డ ముఖం వైపు ఒక్కసారి చూసింది.

"అన్నాను వదినా. బట్టలారేస్తుంటే చూశాను. అంతకు మించి చూడలేదు. మిగతాది నా చేత చెప్పించకండి. నేను చెప్పను."

"అది ఏడ్చిందా లేదా?" అంది గంటవదిన.

"మీ అమ్మ గిల్లకపోతే నేనూ ఏడ్చేదాన్ని కాదు."

గంటవదిన మనవణ్ణి భుజం మీద సర్దుకుంది.

"పిల్లాడికి ఆ కుళాయి నీళ్ళు పట్టకు," అంది మడతలక్క, మెల్లగా, ఆమెకే చెప్పినట్టు.

"దీనికీ పట్టించారురా ఏదో!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మేస్త్రీ కారు వైపు ఒకసారి చూసి, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగాడు.

మడతలక్క జనానికి వీపు తిప్పింది. షెడ్డులోకి నడిచి, గుట్ట మీది దుప్పటి రెండో కొస అందుకుంది. "పట్టు," అంది. పిల్ల ఎదురుగా నిలబడి తన కొస పట్టుకుంది. ఇద్దరూ విదిలించి బిగలాగారు.

తలుపులోంచి పడ్డ ఎండలో ఆ తెల్లటి గుడ్డ మీద మొదట ఒక నీడ పడింది, వాసంతో సహా. తర్వాత రెండు. తర్వాత లెక్క తెలియలేదు. నీడలు పెద్దవవుతున్నాయి.

"వదలకు," అంది మడతలక్క.