మెత్తన్న కుట్టిన గట్టి సీటు

పన్నెండో వరుస కిటికీ సీటు దగ్గర మోకాళ్ల మీద ఒంగి, మెత్తన్న తొడుగు అంచు లాగి కుడుతున్నాడు. పళ్ల మధ్య దారపు కొస, వేళ్ల మధ్య వంకర సూది. కళ్లజోడు కాడ ఏనాడో విరిగిపోతే దానికీ సీట్లు కుట్టే దారమే చుట్టాడు. అరవైకి దగ్గర పడ్డా చేతులు మాత్రం ఇంకా కుర్రచేతులే. మోకాళ్ల సంగతి అడక్కండి. పాతికేళ్లుగా విమానాల్లో సీట్ల మధ్య పాకీ పాకీ అవి కాయలు కాచిపోయాయి. ఇంతా చేసి, ఆ విమానాలు నేల మీద ఉన్నప్పుడు ఎక్కి దిగడమే తప్ప గాల్లోకి లేచిన పాపాన పోలేదు మహానుభావుడు.

"ఇంకా అవలేదా మెత్తన్నా? జనం వచ్చేస్తారు," అంది మేనేజరమ్మ తలుపు దగ్గర నుంచి.

"అయిపోయిందమ్మా. ఈ ఒక్క కుట్టే."

ఆవిడ పక్క సీటును అరచేత్తో నొక్కి చూసి మొహం చిట్లించింది. "బల్ల పరిచినట్టుందయ్యా బాబూ. ఎక్కగానే తిట్టుకుంటారు."

"తిట్టుకుంటారు," అన్నాడు తలెత్తకుండానే. "దిగేటప్పుడు తిట్టుకోకపోతే చాలు."

పైకి అలా అన్నాడే గానీ, ఆ ఒక్క కుట్టునే రెండుసార్లు విప్పి మళ్లీ వేశాడు.

చిన్న కంపెనీ అది. ఈ ఊరి నుంచి పక్క ఊళ్లకు ఎగిరే నాలుగు విమానాలు. ఎక్కి చాక్లెట్ నోట్లో వేసుకుంటే అది కరిగేలోపు దింపేస్తారు. అలాంటి చోట వెడల్పాటి కొత్త రోడ్డు పడింది. అందరూ కార్లలో పోవడం మొదలుపెట్టారు, విమానాలు బోసిపోయాయి. ఇక చావో రేవో తేల్చుకోవాలని యజమాని ఒక పెద్ద విమానం తెచ్చి, సముద్రం అవతలి ఒడ్డున ఉన్న మహానగరానికి ఎక్కడా ఆగకుండా ఆరు గంటల దారి పెట్టాడు. వానలు మొదలయ్యేలోపు ఈ దారి నిలదొక్కుకుంటే కంపెనీ ఉంటుంది, లేకపోతే విమానాలు అమ్మేసి తలుపులు మూయడమే. ఈ ముక్క క్యాంటీన్లో గిన్నెలు కడిగే మనిషితో సహా అందరికీ తెలుసు.

ఆ పెద్ద విమానానికి సీట్లు తయారుచెయ్యమన్నప్పుడు మెత్తన్న తన పనితనమంతా చూపించాడు. అసలు ఆ పేరు వచ్చిందే అతని సీట్ల వల్ల. స్పాంజి మీద స్పాంజి వేసి, కూర్చుంటే మనిషి సగం మునిగిపోయేలా కుట్టాడు. కెప్టెన్ కూర్చుని "ఆహా" అన్నాడు. మేనేజరమ్మ కూర్చుని "ఆహాహా" అంది. మెత్తన్న ఆ రోజు ఇంటికి నేల మీద కాలు ఆనకుండా వెళ్లాడు.

భార్య అంతా విని, కూర తరుగుతూ ఒకే మాట అడిగింది. "ఎంతసేపు కూర్చుని ఆహా అన్నారయ్యా?"

ఆ ప్రశ్న అతన్ని రాత్రంతా పొడిచింది.

ఆవిడ ఊరికే అడగలేదు. లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ నడుం పోగొట్టుకున్న మనిషి. మెత్తన్న మిగిలిన నీలం సీటు గుడ్డతో ఒక చిన్న గట్టి దిండు కుట్టి ఇస్తే, సినిమాకెళ్లినా ఆస్పత్రికెళ్లినా అది చంకలో ఉండాల్సిందే. "మీ చంటిదాన్ని కింద దించరా పిన్నీ?" అని పక్కింటి పిల్లలు ఏడిపించేవాళ్లు. ఆవిడను తల్లిలా పెంచిన అక్క ఆ మహానగరంలోనే ఉంటుంది. పెద్ద కంపెనీల విమానాల్లో పోదామంటే మూడు చోట్ల దిగి ఎక్కాలి. ఆ నడుంతో అది అయ్యే పని కాదు. అక్క మొహం చూసి ఎన్నేళ్లయిందో లెక్క పెట్టడం కూడా మానేసింది.

మర్నాడు మెత్తన్న ఆవిడను కంపెనీ కుట్టుగదికి తీసుకొచ్చి, నమూనాకని అక్కడ ఉంచిన జంట సీట్లో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. ఆరు గంటలూ కూర్చోవాలని పందెం. పెళ్లయ్యాక ఇద్దరూ అంతసేపు పక్కపక్కన ఊరికే కూర్చున్నది లేదు. ఒక గంట హాయిగా గడిచింది. రెండో గంటలో ఆవిడ అటూ ఇటూ కదిలింది. మూడో గంటకు అతని నడుమే పట్టేసింది. ఆ మెత్తదనం కిందికి లాగేస్తోంది, వెన్నుకు ఆసరా ఎక్కడా లేదు. ఆవిడ గోడ పట్టుకుని లేచింది. నొప్పి కనబడకూడదని నవ్వింది.

పాతికేళ్లు చాక్లెట్ కరిగేంతసేపు కూర్చునే సీట్లు కుట్టి, ఆరు గంటల సీటునూ అలాగే కుట్టాడు. కూర్చున్నవాళ్లూ అలాగే చూసి మెచ్చుకున్నారు. కంపెనీ మొత్తం దగ్గర దారి మనుషులే మరి!

"తప్పు నాదేనమ్మా, అన్నీ విప్పేస్తాను," అన్నాడు మేనేజరమ్మతో. ఆవిడ నమ్మలేదు. ఆఫీసు పనంతా ఒళ్లో పెట్టుకుని తనూ ఆ సీట్లో కూర్చుంది. మధ్యాహ్నానికి కుంటుకుంటూ లేచి వెళ్లి, వెంటనే గట్టి స్పాంజి తెప్పించింది.

ఇప్పుడు ఆ గట్టి సీట్ల మీదికి జనం ఎక్కుతున్నారు. తొడుగు ఏదైనా ఊడితే చూడమని మెత్తన్నను వెనక వంటగది పక్కన నిలబెట్టారు. సగం సీట్లు ఖాళీ. ఒక పెద్దాయన కూర్చుంటూనే "ఏంటమ్మా ఇది, అరుగులా ఉంది," అన్నాడు ఎయిర్ హోస్టెస్‌తో. మెత్తన్న నేల చూపులు చూశాడు.

ఉద్యోగి కుటుంబానికిచ్చే టికెట్ మీద అతని భార్య అందరికంటే ఆఖరున ఎక్కింది. పొద్దున్నే వచ్చి కుట్టుగదిలో కాసేపు కూర్చుని అక్కణ్నుంచే వచ్చింది. జుట్టు చక్కగా దువ్వుకుని, కొత్త చీరలో పెళ్లికి వెళ్తున్నట్టుంది. పన్నెండో వరుస కిటికీ పక్కన కూర్చుంది.

"భయమేస్తోందా?" అన్నాడు వంగి.

"నువ్వే చెమటలు కక్కుతున్నావు. దిగు, దిగు. నిన్ను కూడా మోసుకుపోతారు."

అతను దిగాడు. తలుపులు మూశారు. విమానం నెమ్మదిగా కదిలి, రన్‌వే చివరిదాకా పోయి తిరిగి, ఒక్క ఊపున పరుగెత్తి పైకి లేచింది. కంచె దగ్గర నిలబడి అది చుక్కయ్యేదాకా చూశాడు. మనసు బావురుమంది. ఈ దారి మూతబడితే అక్కాచెల్లెళ్లు ఇక కలుసుకునేది లేదు.

కుట్టుగదికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. జంట సీట్లో నీలం దిండు!

"ఓరి నాయనో," అని పైకే అన్నాడు. దిండు లేకుండా ఆవిడ ఆరు గంటలు! తన కంగారులో ఆవిడ చంక ఖాళీగా ఉందని కూడా చూడలేదు. ఇక ఆ రోజు పని సాగితే ఒట్టు. సూదిలో దారం ఎక్కించడమే చేతకాలేదు. దిండును చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టాడు. అన్నం డబ్బా మూత తియ్యలేదు.

మధ్యాహ్నం బాగా వాలాక మేనేజరమ్మ ఫోను పట్టుకుని దాదాపు పరుగెత్తుకొచ్చింది. "దిగారు. నీకే."

"నడుం ఎలా ఉందే?" అన్నాడు ఫోను లాక్కుని.

"ఏ నడుం?" అంది భార్య. వెనక ఎవరో నవ్వుతూ ఏడుస్తున్నారు. అక్కే అయ్యుంటుంది. "మొదటి గంటంతా నిన్ను తిట్టుకున్నానయ్యా. తర్వాత నడుం ఉందన్న సంగతే మర్చిపోయాను. అరుగులా ఉందన్న పెద్దాయన లేడూ, దిగుతూ దిగుతూ తిరుగు విమానం ఎప్పుడని అడిగాడు."

మేనేజరమ్మ చెవి ఫోను దగ్గరే పెట్టింది. "అడిగాడా? నిజంగా అడిగాడా?" అని కళ్లు తుడుచుకుంది. "ఇవాళ్టికి ఇది చాలు మెత్తన్నా."

"మరి దిండు మర్చిపోయావేంటే? నా ప్రాణం పోయింది ఇక్కడ!"

"మర్చిపోలేదు. దిండు ఆనించుకుని కూర్చుంటే, నడుం మోసింది నీ సీటో, నా దిండో ఎలా తెలుస్తుంది? ఆదివారం వచ్చేస్తాను, దాన్ని జాగ్రత్తగా చూడు."

మెత్తన్న ఫోను ఇచ్చేసి, జంట సీట్లో కూర్చుని అన్నం డబ్బా మూత తీశాడు. పక్కసీట్లో, ఆవిడ కూర్చున్న చోట, నడుం ఆనీ ఆనీ మధ్యలో సొట్టపడ్డ నీలం దిండు కిటికీ వైపు తిరిగి ఉంది.