పేరు పలకని సాక్షి

బస్తరులోని మా కిరండూల్‌లో బ్యాంకు ఖాతా తెరవడం కన్నా బైలదిల్లా కొండ ఎక్కి దిగడం తేలికని నేనెవరితోనైనా పందెం కాస్తాను. కొండెక్కే మనిషిని నువ్వెవరని ఎవరూ అడగరు. బ్యాంకులో మొదటి ప్రశ్నే అది.

మా పక్క క్వార్టరు దేవుడమ్మ ఖాతా తెరవడానికి వెళుతూ నన్ను తోడు తీసుకెళ్ళింది. మా రైల్వే క్వార్టర్ల లైన్లో ఆడవాళ్ళలో హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వచ్చని నేనే చెప్పుకున్నాను లెండి. పాలవాడితోనూ రేషను దుకాణం వాడితోనూ పోట్లాడి నేర్చుకున్న హిందీ అది. అందులో కుశలం అడిగినా తగువు పెట్టుకున్నట్టే ఉంటుంది.

దేవుడమ్మ మొగుడు పైడయ్య స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. వాళ్ళది విజయనగరం అవతల పల్లె, మాదీ ఆ చుట్టుపక్కలే. ఇక్కడికి రైలు లైను పడి అప్పటికి పదేళ్ళు దాటింది. కొండ మీది గని నుంచి ఇనుపరాయి బండ్లు రాత్రీ పగలూ విశాఖపట్నం వైపు దిగిపోతుండేవి, మేం మాత్రం ఇక్కడే దిగబడిపోయాం. ఊళ్ళో మా గురించి ఎవరైనా అడిగితే మా అత్త "పరదేశం ఎల్లిపోనారు" అని చెప్పేదట. రైలెక్కితే ఒక పగలు ప్రయాణం. అయినా ఆవిడ అన్నది అబద్ధం కాదు. ఇక్కడ కొట్టువాడి మాట అర్థం కాదు, పోలీసు మాట అర్థం కాదు, సంతలో అమ్మే ఆకుకూర పేరు కూడా అర్థం కాదు.

దేవుడమ్మకి ఖాతా ఎందుకంటే ఉద్యోగం వచ్చింది కనుక. టౌన్‌షిప్పు బాలవాడీలో ఆయా పురిటికి వెళితే ఈవిడ కొన్నాళ్ళు బదులు పనిచేసింది. ఆ పసిపిల్లలు తెలుగు, హిందీ, ఒడియా, హల్బీ, గోండీ, ఎవరింటి భాష వాళ్ళు మాట్లాడతారు. ఏడుపు మాత్రం అందరిదీ ఒకటే భాష, అది దేవుడమ్మకి బాగా వచ్చు. చంకనెత్తుకుని నాలుగడుగులు వేస్తే ఎంత మొండిఘటమైనా నోరు మూసేది. ఆ పనిలో చేరిన తర్వాతే ఆవిడ మొహంలో నవ్వు చూశాను. అంతకు ముందు పొద్దస్తమానం గుమ్మంలో కూర్చుని ఎర్రదుమ్ము తుడిచేది, తుడిచిన చోట మళ్ళీ పడితే మళ్ళీ తుడిచేది.

అసలు ఆయా ఇక రానని కబురు పెట్టింది. ఉద్యోగం నీదేనంది పెద్ద టీచరమ్మ. కాకపోతే జీతం చేతికివ్వరట, బ్యాంకులో వేస్తారట. సోమవారానికల్లా ఖాతా ఉంటే సరే, లేకపోతే ఆ పని కోసం కాచుక్కూర్చున్న ఇంకొకావిడకి ఇచ్చేస్తారు. ఆ మాట దేవుడమ్మ చెవిన పడేసరికి శుక్రవారం సాయంత్రమైంది. శనివారం బ్యాంకు ఒంటిపూట.

ఖాతా కావాలంటే, ఆ బ్యాంకులో ఇదివరకే ఖాతా ఉన్న మనిషి వచ్చి "ఈమె నాకు తెలుసు" అని చెప్పాలి. ఇక్కడొచ్చింది చిక్కు. మా రైల్వే వాళ్ళ జీతాలు రైల్లో వచ్చే గుమాస్తా చేతికిచ్చి వెళతాడు. తిన్నంత తిని మిగిలింది ఊరికి మనియార్డరు చేస్తాం. లైను ఈ చివర నుంచి ఆ చివరికి గాలించినా ఖాతా ఉన్నవాడు ఒక్కడు దొరకలేదు. గని ఆఫీసు బాబులకి ఉన్నాయి గాని, వాళ్ళ కళ్ళకి మేమూ ఎర్రదుమ్మూ ఒక్కటే. నేను తల పట్టుకుని కూర్చుంటే దేవుడమ్మ తీరిగ్గా, "మా నేస్తానికుంది కదేటి వదినా" అంది.

నేస్తం అంటే జోగే. కొండ కింది పల్లె కోడలు. గని రోడ్డుకి వాళ్ళ పొలం పోయి, దాని తాలూకు డబ్బు ఆమె పేరున బ్యాంకులో పడింది. నెలకోసారి వెళ్ళి, డబ్బు ఉందా అని అడిగి, ఉందంటే సంతోషించి, ఒక్క పైసా తియ్యకుండా తిరిగొచ్చేది. జోగే పుట్టిల్లు తెలుగు పల్లెలకి దగ్గరగా ఆవపల్లి వైపు, అందుకని తెలుగు వచ్చు. దేవుడమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో సంతలో చింతపండు ముట్టుకుంటే, బుట్ట వెనక నుంచి "ఏంది, కొంటవా, ఊరికె పిసుకుతవా?" అని గద్దించిందట. ఈ దేశంలో మొదటిసారి తెలుగులో తిట్టిన మనిషి దొరికేసరికి దేవుడమ్మ ఆ చింతపండు మీదే భోరుమంది. ఇక ప్రతి సంతకీ ఇద్దరూ బేరం పేరుతో పోట్లాడుకోవడం, పోట్లాట పేరుతో కబుర్లాడుకోవడం. చివరికి నేస్తం కట్టుకున్నారు.

మా వైపు నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. ఒకరి చేతిలో బెల్లం ఒకరు తిని, కొత్త చీరలు మార్చుకుంటారు. ఇక్కడి పల్లెల్లోనూ పూలు మార్చుకుని అలాగే కట్టుకుంటారు. కట్టుకున్నాక అక్కడా ఇక్కడా ఒకటే కట్టుబాటు: ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే తెగినట్టే. కన్న తల్లి మాట కంటే ఎక్కువ పట్టింపు అది.

ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా బ్యాంకు మెట్లెక్కుతున్నప్పుడు గుర్తు రాలేదు. నా తెలివి అలా తెల్లారింది.

మేనేజరు గ్వాలియర్ నుంచి కొత్తగా వచ్చినవాడు. అంతకు ముందు ఎవరో కప్పు టీ తాగించినందుకు ముక్కూమొహం తెలియని మనిషిని తన మనిషని చెప్పి ఖాతా ఇప్పించారట. అది బయటపడి మేనేజరుకి పైనుంచి అక్షింతలు పడ్డాయి. అందుకని ఆయన సాక్షిని పక్కన నిలబెట్టి పోలీసులా అడుగుతున్నాడు. జోగేని చూడగానే గుర్తుపట్టి కూర్చోమన్నాడు. ఈమె ఎన్నాళ్ళుగా తెలుసని అడిగాడు. నాలుగు చింతపండు కాపుల నుంచి అంది జోగే. సరే, ఈమె పేరేమిటన్నాడు.

జోగే తలెత్తి ఫ్యాను వైపు చూసింది.

మేనేజరు మళ్ళీ అడిగాడు. జోగే ఇంకా ఫ్యానునే చూస్తోంది. గబుక్కున నేను చెప్పబోయాను. నీకు ఖాతా లేదు, పేరు నువ్వు చెప్తే చెల్లదన్నాడు. పేరు కూడా తెలియని మనిషికి సాక్ష్యమేమిటని జోగేని నిలదీశాడు. దాంతో ఆమెకి రోషమొచ్చింది. తనకి తెలియనిదేముందని మొదలుపెట్టి నేస్తం చరిత్రంతా విప్పింది. కుడి మడమ మీద కొడవలి మచ్చ ఉంది, కప్పని చూస్తే మంచమెక్కుతుంది, జ్వరమొస్తే మందు మింగినట్టు నటించి ఉమ్మేస్తుంది, విశాఖ బండి కూత వేస్తే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోతుంది. నేను హిందీ చేస్తూ, కొన్ని ఆడవాళ్ళ సంగతులు మింగేస్తూ పోయాను. గుమాస్తాలు కలాలు పక్కన పెట్టి వింటున్నారు. దేవుడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతా విని మేనేజరు మళ్ళీ, మరి పేరేమిటన్నాడు. జోగే ఫ్యాను వైపు చూసింది.

ఆయన ఈసారి దేవుడమ్మ వైపు తిరిగాడు. పోనీ నీ సాక్షి పేరు నువ్వు చెప్పన్నాడు. ఇప్పుడు ఇద్దరూ ఫ్యానునే చూస్తున్నారు. పోనీ మీ ఆయన పేరైనా చెప్పన్నాడు. మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని పెరిగిన మనిషి, ఫ్యాను మీంచి చూపు దించనే లేదు. మేనేజరు తప్పేం లేదు, నేనైనా అలాగే మండిపడేదాన్ని. స్నేహితురాలి పేరు తెలియదు, కట్టుకున్నవాడి పేరు తెలియదు, సంతలో కలుసుకుని సరదాకి నా దగ్గరికొచ్చారా అన్నాడు. నేను ఆచారం వివరించబోయాను. నా హిందీ మహిమ, తిడుతున్నానేమో అనుకున్నట్టున్నాడు. బ్యాంకు మూసేలోగా పేరు పలకగలిగే సాక్షిని తెచ్చుకుంటే సరే, లేకపోతే మళ్ళీ సోమవారమేనని చెప్పి మమ్మల్ని బయటికి పంపించాడు. అదే సోమవారం పొద్దున్నే బడిలో ఇంకొకావిడ చంకలో పిల్లలుంటారు.

వరండాలో దేవుడమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను ఇద్దర్నీ దులిపేశాను. జోగే నా తిట్లన్నీ ఓపిగ్గా విని, చెయ్యి పట్టుకుని సైకిళ్ళ పక్కకి లాక్కెళ్ళింది. గొంతు తగ్గించి, "అక్కా, ఆమె పేరేంది?" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కట్టుబాటు సంగతి అటుంచి, ఆమెకి నిజంగానే పేరు తెలియదు. నేస్తం కట్టిన రోజు డోలు చప్పుడులో ఎవరో ఒకసారి చెప్పారట, ఆ తర్వాత పలికే పని లేక మరిచిపోయిందట. సంతలో నేను వదినా అంటాను, మిగతావాళ్ళు పైడయ్య పెళ్ళాం అంటారు. చెప్పొద్దూ, మేనేజరు అనుమానం అక్షరాలా నిజమే.

"పేరు చెప్త. చెప్తె ఇస్తడు గదా?" అంది జోగే.

ఆ మాట దేవుడమ్మకి వినిపించింది. లేచి వచ్చి జోగే మణికట్టు పట్టుకుంది. "సెప్పకే. ఉజ్జోగం పోతే పోనీ. నువ్వు నా పేరు పలికీసినాక నాకీ ఊళ్ళో ఎవులున్నారు?"

"పిల్లలున్నరు గదా నేస్తం. సోమారం నువ్వు రాకపోతె ఏడుస్తరు వాండ్లు."

"నానొద్దంటుంటే..."

"నీ ఏడుపు గూడ నేనే సూడాలె. సంతల చింతపండు మీద ఏడుస్తవు మల్ల. నాకు నష్టం." చెయ్యి విడిపించుకుని జోగే నా పక్కకొచ్చింది. నేను చెవిలో పేరు చెప్పాను. మరిచిపోకుండా పెదాలు కదుపుకుంటూ లోపలికి వెళ్ళింది.

దేవుడమ్మ మొహం తిప్పుకుని చెవులు మూసుకుంది. నేను కిటికీ ఊచల్లోంచి చూశాను. జోగే బల్ల ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పేరు చెప్పింది. మొగుడి పేరో అని ఆయన అడిగితే మాత్రం దానికేం భాగ్యమన్నట్టు గట్టిగా చెప్పింది: పైడయ్య, పాయింట్స్‌మన్, నోరు తెరుచుకుని నిద్రపోతాడు. ఆ ఆఖరి ముక్క నేను ఊచల్లోంచే హిందీ చేస్తే మేనేజరు మొదటిసారి నవ్వాడు.

ఆ క్షణంలో నాకు వాళ్ళిద్దరి మీదా అసూయ పుట్టింది. దాచుకోవడమెందుకు. గురమ్మా అని నన్ను పేరెట్టి పిలిచేవాళ్ళు లైన్లో బోలెడు మంది. నా పేరు పలకకుండా ఉండటానికి ఇంత పట్టుబట్టేవాళ్ళు, పలకాల్సొస్తే అలా కళ్ళు మూసుకునేవాళ్ళు ఒక్కరూ లేరు.

దేవుడమ్మని లోపలికి పిలిచారు, వేలిముద్ర వేయించుకున్నారు, పాసుబుక్కు చేతికిచ్చారు. మేనేజరు ఆ పేరు పైకి చదివి నువ్వేనా అని అడిగితే తలూపింది. జోగే వైపు చూడలేదు. జోగే కూడా ఆమె వైపు చూడలేదు.

తిరుగుదారిలో దేవుడమ్మ ముందు, నేను మధ్యన, జోగే వెనక. కలిస్తే రైలింజన్ల కంటే ఎక్కువ చప్పుడు చేసే మనుషులు, దారి పొడుగునా ఒక్క మాట లేదు. మాట్లాడదామన్నా ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు? నేస్తమందామంటే అది తెగిపోయింది. కోరుకున్న ఉద్యోగం వచ్చిన మనిషి, చావింటి నుంచి వస్తున్నట్టు నడుస్తోంది.

కల్వర్టు దగ్గర జోగే తన పల్లె దారిలోకి మళ్ళాలి. అక్కడ ఆగింది. కాసేపు బుట్ట అటూ ఇటూ సర్దుకుని, భయం భయంగా, "దేవుడమ్మా" అంది.

దేవుడమ్మ వెనక్కి తిరగలేదు. జోగే ఇంకాస్త గట్టిగా పిలిచింది. ముందున్న మనిషి నడక ఆగింది గాని తల తిరగలేదు. ఈవిడకి చెముడు లేదని నాకు తెలుసు, గోడ అవతల నా గిన్నె కింద పడితే ఏ గిన్నో చెప్పగలదు. నిన్నే పిలుస్తోంది వదినా అన్నాను.

"నన్ను కాదులే వదినా," అంది దేవుడమ్మ, వెనక ఉన్న మనిషికి వినపడేలా. "ఆ పేరు బేంకులో ఏసీసినాను. ఇంక దాంతో నాకేటీ పన్లేదు."

జోగే బుట్ట కింద దించింది. తర్వాత, సంతలో ఎప్పుడూ పిలిచే గొంతుతోనే, "నేస్తం" అంది.

దేవుడమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది.