పంపుల మెకానిక్కు ఇచ్చిన పంపు

సృష్టిలో ప్రతి గొట్టానికీ ఒక విధి ఉంది. దాన్ని నెరవేర్చడమే గొట్టానికి పరమధర్మం. నేను ఒక గొట్టాన్ని. పారదర్శకమైన దేహం, పాదాల వద్ద రబ్బరు వలయం, శిరస్సున రెండు బ్యాటరీలతో తిరిగే బుల్లి మోటారు. నేను పుట్టిన కర్మాగారంలో పక్కబల్ల మీద చేపల తొట్టెలకు గాలి ఊదే యంత్రాలు తయారయ్యేవి. అవి గాలి ఊదుతాయి, నేను పీలుస్తాను. మా వంశాల మధ్య అంతకుమించి భేదం లేదు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక పురుషుడి అంగం స్తంభించడం మానేస్తే, నేను శూన్యం కల్పించి అక్కడికి నెత్తురును రప్పించాలి. నా పెట్టె మీద దంపతులు నవ్వుతూ ఉంటారు. వాళ్లు నన్ను ఎన్నడూ వాడి ఉండరు.

విధి నన్ను తాడేపల్లిగూడెం గంగాధరంగారి చేతిలో పెట్టింది. ముప్పై అయిదేళ్లుగా ఆయన బాగుచేయలేని బోరు పంపు ఆ చుట్టుపక్కల లేదు. "ఆపరేషన్‌లో నరాలు మొద్దుబారాయి. రోజూ పది నిమిషాలు వాడండి. ఏడాదిన్నర పట్టవచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు" అన్నాడు డాక్టరు. ఆయన చెవికి మొదటి ముక్క ఎక్కలేదు; చివరి ముక్క చెవిని వదల్లేదు. వసారాలో నవారు మంచం వాల్చుకున్నారు. భార్య వర్ధనమ్మ గదిలో ఒంటరిగా మిగిలింది.

రెండు నెలలు నేను పీల్చాను, ఆయన గోడ వైపు చూశారు. వచ్చినది నన్ను తీయగానే పోయేది. లోపం పంపుదేనని తీర్మానించి, షాపుకు తీసుకుపోయి, మరలు విప్పి, వాషరు పరీక్షించి, పీడనం కొలిచే గేజీకి తగిలించారు. జీవితంలో మొదటిసారి నేను చెడిపోవాలని కోరుకున్నాను. ముల్లు నిక్కచ్చిగా పైకి వెళ్లి నిలబడింది.

"పంపు బాగానే ఉంది" అన్నారాయన, ఎవరితోనూ కాదు. నన్ను ఇంటికి తెచ్చి స్పానర్ల పెట్టెలో పడేశారు.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. వర్ధనమ్మ పెట్టె బోర్లించి, పనిముట్లన్నీ కడిగి, వరసగా బొట్లు పెట్టింది. స్పానర్లకూ, పైపు రెంచీకీ, నాకూ. స్నానం చేసి వచ్చిన గంగాధరంగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"దాన్నెందుకు పెట్టావే ఇక్కడ?"

"పనిముట్టు కాదేంటి?"

"పనిచేసి చస్తేగా."

"ఆ రెంచీ మాత్రం ఏం చేసిందండీ, పదేళ్ల నుంచీ తుప్పు పట్టి పడుంది. దానికీ పెట్టాను." కుంకుమ వేలు చెంగుకు తుడుచుకుని గొంతు తగ్గించింది. "నేనేమన్నా దీన్ని అడిగానా? ఆ మంచం ఎత్తెయ్యండి. మీరు పక్కనుంటే చాలు. వస్తే వస్తుంది."

"రాకపోతే?"

"గురకన్నా వస్తుందిగా. అది లేక నాలుగు నెలలుగా నాకు నిద్ర లేదు."

భోజనాలయ్యాక ఆయన మంచం మడిచి అటక మీద పెట్టారు. సాయంత్రం నన్ను తానే తీసి, కుంకుమ తుడిచి, గది తలుపు గడియ వేశారు. వర్ధనమ్మ పక్కనే కూర్చుంది. నా వంశ ప్రతిష్ఠనంతా కూడగట్టుకుని సిద్ధమయ్యాను. ఆయన మీట నొక్కారు.

చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు.

వినాయక చవితి నాడు నా బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసుకున్నది ఆయనే.