సగం మందు

“కుచ్చెళ్లు మళ్ళీ ఏడొచ్చాయే అమ్మాయ్!” అంటూ అత్తగారు నా బొడ్డు దగ్గర చీర దోపి, వెనక్కి జరిగి చూసి మురిసిపోయారు. నేనూ అద్దం ముందు గిర్రున తిరిగాను. ఇది నిన్నటి సంగతి.

బెజవాడలో చీరల కొట్టున్న ఇంటికి కోడల్నయ్యాను. కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళను అత్తగారు లోపల చాప మీద కూర్చోబెట్టి, కొత్త చీరలు ఒకదాని తర్వాత ఒకటి నాకు కట్టించి, “అటు తిరుగు, ఇటు తిరుగు” అని అంచులు చూపిస్తారు. బి.ఎ. చదివింది ఇందుకా అని నాకెప్పుడూ అనిపించలేదు. నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉండేది. పూటకో కొత్త చీర ఎవరికి దొరుకుతుంది! కాళ్ళు పీకితే మాత్రం ఎవరూ చూడకుండా తలగడ మీద పెట్టుకునేదాన్ని.

పెళ్ళయిన కొన్నాళ్ళకే నాకు చక్కెర జబ్బు బయటపడింది. ఎంత తాగినా దాహం, ఎంత తిన్నా చిక్కిపోవడం. చివరికి స్పృహ లేకుండా ఆసుపత్రికి మోసుకుపోయారు. ఇన్సులిన్ మొదలుపెట్టాక ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు ఒళ్ళూ వచ్చింది. “ఒళ్ళు రావడం మందు పనిచేస్తోందనడానికి గుర్తమ్మా. అన్నం కాస్త తగ్గించు, సాయంత్రాలు నడు. సూది మాత్రం మానకు” అన్నారు డాక్టరు గారు. అలాగే కాలవ గట్టున నడిచాను, అన్నం తగ్గించాను. అయినా జాకెట్లు పిగిలాయి. మైలవరం నుంచి వచ్చిన ఒకావిడ, “చీర మహా బాగుందండీ. పిల్లకే చాలేట్టు లేదు!” అని పకపకా నవ్వింది. అత్తగారు నవ్వలేదు. మర్నాటి నుంచి చీరలు చాప మీద పరిచి చూపించారు. నేను వంటింట్లో పొయ్యి ఊదుతూ ఏడ్చాను. పొగ వల్ల అనుకుంటారులే అని.

అందుకే, ఈ మధ్య మళ్ళీ చిక్కుతుంటే నా నడకే గెలిచిందనుకున్నాను. ఎంత గర్వమో!

రోజూ పొద్దున్నే సూది వేసేది మావారే. ఒక పక్క గాజు సిరంజి ఉడుకుతుంటుంది, ఇంకో పక్క కాఫీ డికాషను దిగుతుంటుంది. నాకు కాపురమంటే ఆ వాసనే. సిరంజి నిండుగా తీసి నాకు చూపించి, “కళ్ళు మూసుకో బాలా” అంటారు. చెవిలో ఏదో అల్లరి మాట చెప్పి, నేను నవ్వేలోగా పని కానిచ్చేస్తారు.

ఈ వేళ ఆయన ముఖం చూడాలనిపించి, కొంటెగా ఒక కన్ను తెరిచాను. ఆయన సూదిని పళ్ళెం మీదికి వంచి ఉన్నారు. గాలి పోవడానికి ఒక చుక్క వదలాలని నాకు తెలుసు. కానీ ఆయన బొటనవేలు ఆగలేదు. మందు సన్నటి ధారగా పళ్ళెంలో పడుతోంది. సగానికి వచ్చాక ఆగింది.

“అదేమిటండీ?”

దాచిన కానుకను నేను ముందే కనిపెట్టేసినట్టు నవ్వారు. “చూసేశావా దొంగా! సగం చాల్లే. జాకెట్టు పట్టలేదని ఏడ్చావు చూడు, అప్పట్నుంచీ సగమే. ఎంత నాజూగ్గా అయ్యావో!”

“వాణ్ణేమీ అనకమ్మాయ్, నేనే చెప్పా” అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. “మందుతో వచ్చిన ఒళ్ళు మందు తగ్గిస్తే పోదూ? దసరా బేరాలకి పిల్ల తీరుగా ఉండొద్దూ?”

రాత్రిళ్ళు నీళ్ళు కూజాలకు కూజాలు ఖాళీ చేస్తున్నది ఎండల వల్ల కాదు. డాక్టరు గారిచ్చిన నీలం మందులో మూత్రం కలిపి కాస్తే రోజూ ఇటుక రంగుకు తిరుగుతోంది, చక్కెర మితిమీరితే వచ్చే రంగు. ఆ నీలం మందే పాతదై ఉంటుందని పారబోస్తున్నాను. ఇంత చదువూ చదివి! ఆసుపత్రికి మోసుకుపోయిన రోజున కూడా నేను నాజూగ్గానే ఉన్నాను. ముగ్గురం కలిసి, నవ్వుకుంటూ, ఎంత ముచ్చటగా నన్ను చంపుతున్నాం!

“ఇలాగైతే నేను చచ్చిపోతానండీ.”

“ఛ, అవేం మాటలు! నేను లేనూ?”

చెయ్యి చాచాను. “ఇటివ్వండి. ఇక మీదట నేనే వేసుకుంటాను.”

“సూది తనే పొడుచుకుంటుందిట, విన్నావురా సాంబా!” అని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు.

“నీకు చేతకాదు బాలా” అన్నారాయన మెల్లగా.

సిరంజి ఆయన వేళ్ళలోంచి తీసుకున్నాను. సీసాలోంచి డాక్టరు గారు చెప్పినంతా నింపాను. సూది వంకరగా దిగింది. రక్తం బొట్టు పైకి వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చూశావా! నేనైతే ఇంత నొప్పి పెట్టేవాణ్ణా?” అన్నారాయన, నిజంగానే విలవిల్లాడిపోతూ.

“లేదండీ” అన్నాను. “మీరు చంపుతున్నా నాకు నొప్పి తెలియలేదు.”