పార్లరక్క ఎవరి వైపు?

ఆ వీధిలో ఏ కనుబొమ చూసినా అది పార్లరక్క చేతి పనే. ఆమె అసలు పేరేమిటో కరెంటు బిల్లు తెచ్చే మనిషికి తప్ప ఇంకెవరికీ తెలీదు. బడి గేటుకు ఎదురుగా పక్కపక్కనే రెండు గదులుంటాయి. ఒకదాంట్లో ఆమె పార్లరు, రెండోదాంట్లో ఆమె భర్త జిరాక్సు, పెన్సిళ్ళ కొట్టు. మధ్య గోడ పల్చన. ఇటు హెయిర్ డ్రయ్యరు మోగితే అటు కాగితాలు ఎగురుతున్నాయేమోనని అనుమానమొచ్చేంత పల్చన.

పార్లరక్క పనితనమంతా దారంలో ఉంది. ఒక కొస పళ్ళ మధ్య బిగబట్టి, మిగతాది వేళ్ళకు మెలేసి, మనిషి నుదుటి మీద కిచకిచమని ఆడించిందంటే చిట్టడవిలాంటి కనుబొమ కూడా చిత్తరువులా తయారయ్యేది. కాకపోతే ఆ కాసేపూ ఆమె నోరు విప్పడానికి వీల్లేదు. విప్పితే దారం జారుతుంది. జారితే కనుబొమలో సందు పడుతుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు మాత్రం సరిగ్గా అప్పుడే లోకంలోని మాటలన్నీ పుట్టుకొస్తాయి. ఆమె పాపం, చేసేదేముంది? "ఊఁ" అంటుంది. తోడికోడలి మీద చెప్పినా "ఊఁ", మోకాళ్ళ నొప్పులు చెప్పినా "ఊఁ". ఈ ఊకొట్టడంవల్ల ఆ వీధిలో ఆమెంత మంచి మనిషి, ఆమెంత తెలివైన మనిషి లేరని పేరొచ్చింది.

ఆ వీధి కొన్నాళ్ళుగా కుదురుగా లేదు. చెప్పుల కొట్టు జిమ్మయింది. గడియారాలు బాగుచేసే కొట్టు కేకుల షాపయింది. పాత పుస్తకాల కొట్టు ఫోన్ల కొట్టయి, ఆ ఫోన్ల కొట్టు కాస్తా ఫోన్లకు తొడుగులు మాత్రమే అమ్మే కొట్టయింది. మారకుండా మిగిలింది బడి ఒక్కటే. ఇప్పుడు దానికీ వంతొచ్చింది. బడిని ఊరి చివర కొత్త భవనంలోకి మార్చి, ఈ స్థలంలో పెద్ద షాపింగ్ కాంప్లెక్సు కట్టే ఆలోచన ఉందనీ, వీధివాళ్ళ అభిప్రాయం విన్నాకే ఏ సంగతీ తేలుస్తామనీ, ఆదివారం పొద్దున బడి హాల్లో అందరూ కలవాలనీ గేటుకు నోటీసు అంటించారు.

ఆ మర్నాడే లెక్కల టీచరుగారు పార్లరుకు వచ్చింది. ఆ బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైంది. ఇల్లు బడి గోడ పక్కనే. కుర్చీలో వెనక్కి వాలి, దారం నుదుటిని తాకగానే మొదలుపెట్టింది.

"చూడమ్మాయ్, బడి పోతే బెల్లు పోతుంది. ఆ బెల్లుకు లేస్తాను, ఆ బెల్లుకు తింటాను, ఆ బెల్లుకు పడుకుంటాను. బెల్లు లేకపోతే ఆకలేసిందని నాకెలా తెలుస్తుంది? బడి ఇక్కడే ఉండాలి. ఆదివారం నువ్వు నా వైపే కదూ?"

"ఊఁ," అంది పార్లరక్క. కుడి కనుబొమ అప్పుడే మంచి వంపులో ఉంది మరి.

సాయంత్రం కేకులావిడ వచ్చింది. ఆమెకు బడంటే ఒళ్ళు మంట.

"వదినా, ఆ పిల్లలున్నారే, బడి వదలగానే వచ్చి నా షాపు అద్దానికి ముక్కులానించి నిలబడతారు. కొనేది ఒక్కడూ లేడు. పొద్దస్తమానం ముక్కుల ముద్రలు తుడుచుకోవడమే నా వ్యాపారమైపోయింది. కాంప్లెక్సు వస్తే పెద్ద ముక్కులవాళ్ళొస్తారు. పెద్దవాళ్ళు అద్దానికి ముక్కులానించరు, లోపలికొచ్చి కొంటారు. బడి పోవాల్సిందే! ఏమంటావు?"

"ఊఁ."

"నాకు తెలుసు వదినా, నువ్వు కాదనవని!"

ఇక జిమ్ము మాస్టారు. ఈయన సంగతి వేరు. వీధిలో మనిషి అలికిడి లేని మిట్టమధ్యాహ్నం, తలమీద తువ్వాలు కప్పుకుని, వెనక తలుపు నుంచి వస్తాడు. చేతులు దిండ్లలా ఉంటాయి, ఛాతీ బీరువాలా ఉంటుంది, దారం తగిలితే మాత్రం కళ్ళల్లోంచి నీళ్ళు కొళాయి తిప్పినట్టు కారతాయి.

"అక్కా, నేనొచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు సుమా! ఆ బడి ఉంటే ఏమిటి, పోతే ఏమిటి, నాకు ఆ మైదానం కావాలి. అక్కడ నా వాళ్ళతో పెద్దపెద్ద టైర్లు దొర్లిస్తాను. నువ్వు మీటింగులో నా తరఫున... అమ్మా! అమ్మోయ్!"

"ఊఁ... ఊఁ..." అని సముదాయించింది పార్లరక్క, చంటిపిల్లాడిని జోకొట్టినట్టు.

దారం తీశాక ఉన్న మాట చెబుదామని ఆమె ప్రతిసారీ అనుకున్నమాట నిజం. కానీ దారం తీసేసరికి వాళ్ళు అద్దం ముందు మురిసిపోతూ ఉండేవారు. అంత మురిపెంలో ఉన్న మనిషిని పట్టుకుని "నేను మీ వైపు కాదండీ" అనడానికి ఆమెకు మనసొప్పలేదు. పోనీ ఎవరి వైపని చెప్పాలి? అదీ ఆమెకు తెలీదు. ఆమె దృష్టంతా కనుబొమల మీదే ఉండేది.

శనివారం సాయంత్రం జిరాక్సు మిషను ఆపేసి భర్త పార్లరులోకి ఊడిపడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏమే, బడి పోవాలన్నావట?"

"నేనెప్పుడన్నానండీ?"

"కేకులావిడ ఊరంతా చెబుతోంది, వదిన మా వైపేనని. బడి పోతే నా కొట్టు ఏమవుతుందో ఆలోచించావా? పెన్సిళ్ళు ఎవరు కొంటారు, జిమ్ము మాస్టారా? ఆయన పట్టుకుంటే పెన్సిలు విరిగిపోతుంది!"

"నేను ఊఁ అన్నానంతే."

"ఊఁ అంటే సరేననే కదా!"

"నోట్లో దారం ఉందండీ!"

"కాపురం నాతో, ఊఁ కొట్టేది కేకులావిడకు!" అని ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భోజనం దగ్గర ఏమడిగినా "ఊఁ" అనే సమాధానమిచ్చి కసి తీర్చుకున్నాడు.

ఆదివారం బడి హాలు కిటకిటలాడింది. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. వేదిక మీద బడి కరస్పాండెంటుగారు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆయన కనుబొమలు మాత్రం పాత ఇంటి చూరులా కళ్ళమీదికి వాలిపోయి, అవతలి మనిషిని చూడాలంటే తల బాగా వెనక్కి వంచాల్సి వచ్చేది. పార్లరక్క ఆఖరి వరుసలో కూర్చుని వాటినే చూస్తోంది. ఆమె వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి.

కేకులావిడ ముందుగా లేచింది. "బడి మారాలండీ. ఇది నా ఒక్కదాని మాట కాదు. పార్లరు వదిన కూడా ఇదే అంది!"

లెక్కల టీచరుగారు చటుక్కున లేచింది. "ఎవరూ, పార్లరమ్మాయా? అబద్ధం! బడి ఉండాలని ఆ అమ్మాయి స్వయంగా నాతో అంది."

"మీరిద్దరూ పొరబడ్డారు," అంటూ జిమ్ము మాస్టారు లేచాడు. ఆయనతోపాటు బెంచీ కూడా లేచింది. "అక్క నా తరఫున మాట్లాడతానంది. మొన్న కుర్చీలో వెనక్కి వాలినప్పుడు..."

అందరి కళ్ళూ మెల్లగా ఆయన కనుబొమల మీదికి పాకాయి. నెలవంకల్లా, ముచ్చటగా ఉన్నాయవి.

"ఏ కుర్చీలో?" అంది టీచరుగారు, హోంవర్కు చేయనివాణ్ణి అడిగే గొంతుతో.

మాస్టారు రెండు చేతులతో నుదురు కప్పుకుని కూలబడ్డాడు.

ఈలోగా జిరాక్సాయన లేచి చేతులెత్తి అరిచాడు. "మీ అందరితో అన్నదేమో! కట్టుకున్న మొగుణ్ణి, నాతో మాత్రం ఏమీ అనలేదు!"

గోడమీది పిల్లి అంటూ వెనకనుంచి ఎవరో గొణిగారు. అది పార్లరక్కకు గుచ్చుకుంది. చర్రున లేచి గబగబా వేదిక ఎక్కింది.

"నేనెవరికీ మాటివ్వలేదు. నా నోట్లో దారం ఉంది. దారం ఉంటే నాకు ఊఁ తప్ప వేరే మాట రాదు. రమ్మన్నా రాదు."

"దారముంటే మాత్రం ఊహూఁ అనలేవా? ఇదో సాకు!" అంది కేకులావిడ.

"ఊహూఁ అంటే తల అడ్డంగా తిరుగుతుంది, తిరిగితే ఎదుటివాళ్ళ కనుబొమ ఊడుతుంది వదినా. ఎవరైనా వచ్చి కూర్చోండి, చూపిస్తాను."

ఎవరూ కదల్లేదు. అందరి ముందూ, అందులోనూ వెలుతురులో, ఎవరు కూర్చుంటారు? కరస్పాండెంటుగారు తల వెనక్కి వంచి హాలంతా కలయజూశారు. "నిజానిజాలు తేలాలి కదా. కానివ్వమ్మా," అని తన కుర్చీలోనే వెనక్కి వాలారు.

పార్లరక్క సంచీలోంచి దారపు రీలు తీసింది. ఆ కనుబొమల మీద చెయ్యి వెయ్యగానే ఆమె జంకంతా పోయింది. కొస పళ్ళ మధ్య బిగించి, అడగండన్నట్టు అందరివైపూ చెయ్యి ఊపింది.

"రెండు రెళ్ళు ఐదా?" అడిగింది టీచరుగారు.

"ఊఁ."

టీచరుగారు గుండె పట్టుకుంది.

"నా కేకులు రాళ్ళలా ఉంటాయా?" అంది కేకులావిడ, అపనమ్మకంగా.

"ఊఁ."

నిజమే నిజమేనని హాల్లో చాలామంది తలలూపారు. కేకులావిడ వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకుంది.

"నేను ఈ వీధిలో అందరికంటే తెలివైనవాణ్ణా?" అని జిరాక్సాయన అరిచాడు.

"ఊఁ."

"విన్నారా! విన్నారా!" అని ఆయన పక్కవాళ్ళ భుజాలు కుదిపేశాడు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో చాలాసేపటిదాకా ఆయనకు అంతుపట్టలేదు.

ఇంతలో మరో విడ్డూరం జరిగింది. దారం దెబ్బకు కరస్పాండెంటుగారి కళ్ళవెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. వెనక వరుసల వాళ్ళకు దారం కనబడదు, కన్నీళ్ళు మాత్రం కనబడుతున్నాయి. "పాపం, బడి కోసం ఎలా ఏడుస్తున్నారో చూడండి!" అందొక ముసలమ్మ. ఆమె ముక్కు చీదింది. ఆమెను చూసి పక్కావిడ చీదింది. ఫోన్ తొడుగులు అమ్మే పెద్దాయన, ఆ బడిలో ఏనాడూ చదవకపోయినా, వెక్కి వెక్కి ఏడ్చాడు. కాంప్లెక్సు కావాలని వచ్చినవాళ్ళు కూడా జేబురుమాళ్ళు తీశారు.

ఒక కనుబొమ పూర్తయింది. కరస్పాండెంటుగారు కళ్ళు తెరిచి, ఆ కంటితో హాలును చూసి ఉలిక్కిపడ్డారు. "ఇంతమంది వచ్చారా!" అన్నారు.

పార్లరక్క నోట్లో దారం తీసేసింది. "ఇదిగో, ఇప్పుడు నోరు ఖాళీ. అడిగేదేదో ఇప్పుడడగండి."

"సరే అమ్మాయ్, అసలు నీ అభిప్రాయం ఏమిటి?" అంది టీచరుగారు.

పార్లరక్క మాట కోసం మనుషులు ఆగి ఎదురుచూడటం ఆమెకు తెలిసి అదే మొదలు.

"నాకా బడి బెల్లంటే పడదండీ," అంది నెమ్మదిగా. "అది మోగినప్పుడల్లా చెయ్యి అదురుతుంది. మీలో సందు పడ్డ కనుబొమలన్నీ ఆ బెల్లు పుణ్యమే. కానీ బడి పోతే తల్లులు రారు. పిల్లల్ని బడి లోపలికి పంపి, నా దగ్గర కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఇంట్లో వాళ్ళకు కళ్ళు మూసుకునే తీరికేదీ? కొంతమందికి తీర్చడానికి కనుబొమే ఉండదు. అయినా వస్తారు. నేనూ ఊరికే దారం ఆడిస్తాను."

హాల్లో కొందరు ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఒకావిడ కొంగుతో కళ్ళద్దుకుంది, ఈసారి నిజంగానే.

"బడి ఉండాలి. రోడ్డు వైపు గదులు విరిగిన బెంచీలతో ఊరికే పడున్నాయి, వాటిని షాపులకు అద్దెకివ్వండి, కరస్పాండెంటుగారికీ ఆసరా. పొద్దున్నే పిల్లలు రాకముందు మాస్టారిని మైదానంలో టైర్లు దొర్లించుకోనివ్వండి. వదినా, ఆ పిల్లలు కొనరని కాదు, నువ్వు దిండంత కేకులు చేస్తావు. గుప్పిట్లో పట్టేవి చెయ్యి, మెత్తగా చెయ్యి."

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఇన్నేళ్ళుగా ఊఁల కింద అణిగిపడున్న మాటలు ఒక్కసారిగా దారి దొరకబుచ్చుకున్నాయి. వీధి దీపం పగలు వెలిగి రాత్రి ఆరిపోవడం గురించి మాట్లాడింది. ఫోన్ల పెద్దాయన తొడుగులకు వాడే రంగుల గురించి మాట్లాడింది. తన భర్త గురకను, ఆయన మిషను చప్పుడును పోల్చి, ఏది ఎప్పుడు నయమో వివరించింది. కరస్పాండెంటుగారు మధ్యమధ్య చెయ్యెత్తి, "అమ్మా, రెండోది..." అంటూనే ఉన్నారు. ఆమెకు వినబడితేగా!

చివరికి రెండోది కూడా అయింది. కరస్పాండెంటుగారు లేచి, రెండు కళ్ళతో తన బడి గోడల్ని, పెచ్చులూడిన కప్పును, కిటికీలో పిచ్చుకను చాలాసేపు చూశారు. "ఇంత వెలుతురొస్తుందా ఈ హాల్లోకి!" అన్నారు. నోటీసు తీయించేస్తానని అప్పటికప్పుడు చెప్పేశారు. బడి మీద ప్రేమవల్ల చెప్పారో, కళ్ళు కనబడ్డ సంతోషంలో చెప్పారో ఆయన్నే అడగాలి.

కేకులావిడ ఓ వారం మొహం మాడ్చుకుని, తర్వాత రోడ్డు వైపు గది ఒకటి తీసుకుంది. చిన్న కేకులు బాగానే పోతున్నాయి. తుడవాల్సిన అద్దాలు మాత్రం రెండయ్యాయి. జిమ్ము మాస్టారు తెల్లవారగానే మైదానంలో తన శిష్యులతో గుంజిళ్ళు తీయిస్తుంటే, టీచరుగారు గోడమీంచి తల పెట్టి లెక్క తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి చేయిస్తోంది. శిష్యులు సగమైనా, మిగిలినవాళ్ళు ఇనుపగుండ్లలా తయారయ్యారు. ఆయన ఇప్పుడు తువ్వాలు లేకుండా ముందు తలుపునుంచే పార్లరుకు వస్తున్నాడు.

ఆ మీటింగులో పార్లరక్క మురుగు కాలువ గురించి కూడా నాలుగు మాటలందట. వీధివాళ్ళకు అవి నచ్చి, ఆ మరుసటి ఆదివారం కాలువ కోసమే ఇంకో మీటింగు పెట్టారు. ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక, భర్త మెల్లగా లేచి ఇంటికెళ్ళి, వంట చేసి, తిని, కాస్త నడుం వాల్చి, గిన్నె నిండా ఆమెకు అన్నం పట్టుకుని తిరిగొచ్చాడు. ఆమె ఇంకా కాలువ మొదటి మలుపు దగ్గరే ఉంది. ఆయన గిన్నె ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.